రాజే వలసకు తరలిపోయిన కథ: పోర్చుగల్, బ్రెజిల్ ఉమ్మడి రాజ్యం పదేళ్లకే ఎందుకు చెదిరింది?

ప్రశ్న: పోర్చుగల్ రాజు తన వలస దేశమైన బ్రెజిల్‌కి వెళ్లి అక్కడి నుంచే పాలించాడని, రెండూ కలిసి ఒకే రాజ్యంగా ఉన్నాయని చదివాను. నిజమేనా? నిజమైతే అది ఎందుకు నిలవలేదు? విక్టోరియా రాణి భారత చక్రవర్తిని అనిపించుకోవడం లాంటిదేనా ఇది? పరీక్షలో దీని ముగింపుకి ఏ సంవత్సరం రాయాలి?

సమాధానం:

నిజమేనండి. దాని పూర్తి పేరు పోర్చుగల్, బ్రెజిల్, అల్గార్వ్‌ల సంయుక్త రాజ్యం. 1815 డిసెంబర్ 16న పుట్టింది, పదేళ్లు నిండకుండానే పోయింది. నేను డిగ్రీ పిల్లలకు, ఆ తర్వాత పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు ప్రపంచ చరిత్ర చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఈ అంశం మీద నేను దిద్దిన పేపర్లలో తొంభై శాతం ఒకే వాక్యం కనిపిస్తుంది: "1822లో పోర్చుగల్ వలస అయిన బ్రెజిల్ స్వాతంత్ర్యం పొందింది." అందులో సంవత్సరం సరైనదే, "వలస" అన్న మాట దగ్గరే పొరపాటు. 1822 నాటికి బ్రెజిల్ చట్టప్రకారం ఏడేళ్లుగా పోర్చుగల్‌తో సమానమైన రాజ్యం. ఆ సమానత్వాన్ని పోర్చుగల్ రాజధాని లిస్బన్ వెనక్కి లాక్కోబోయింది, అక్కడే తెగింది. ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టుకుంటే మిగతా కథంతా దాని వెనకే వస్తుంది.

మొదలు నెపోలియన్ దగ్గర ఉంది. 1806లో అతను యూరప్ రేవులన్నీ బ్రిటిష్ ఓడలకు మూసేయాలని హుకుం జారీ చేశాడు. దాంతో పోర్చుగల్ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది. రేవులు మూయకపోతే ఫ్రెంచ్ సైన్యం భూమి మీద నుంచి వస్తుంది. మూస్తే బ్రిటిష్ నౌకాదళం సముద్రం మీద బ్రెజిల్ దారిని తెంచేస్తుంది. బ్రెజిల్ పోతే పోర్చుగల్‌కి మిగిలేది చాలా కొంచెం. లిస్బన్ వర్తకులు యూరప్‌కి అమ్మే చక్కెర, పత్తి, పొగాకు, తోళ్లు ఎక్కువగా అక్కడి నుంచి వచ్చినవే. ఆ రోజుల్లో గద్దె మీద ఉన్నది రాణి మరియా. ఆమెకు మతి స్థిమితం లేకపోవడంతో 1792 నుంచి కొడుకు జోవావ్ పాలన చూస్తున్నాడు. 1807 అక్టోబర్‌లో ఫ్రాన్స్, స్పెయిన్ కలిసి పోర్చుగల్‌ని ముక్కలుగా పంచుకోవడానికి ఫాంటెన్‌బ్లోలో ఒప్పందం రాసుకున్నాయి. ఫ్రెంచ్ జనరల్ జూనో సైన్యంతో బయలుదేరాడు.

అప్పుడు జోవావ్ చేసిన పని యూరప్‌లో మరే రాజూ చేయలేదు. తల్లిని, భార్యాపిల్లల్ని, మంత్రుల్ని, ఖజానాని, ప్రభుత్వ కాగితాల్ని ఓడలెక్కించి దేశాన్నే తరలించేశాడు.

లిస్బన్ శివారులోని బెలెం రేవులో ఆ రెండు మూడు రోజులు ఎలా గడిచాయో చదివితే ఒళ్లు జలదరిస్తుంది. వానలకు నేలంతా బురద. బండ్లు కూరుకుపోతున్నాయి. ఓడలో చోటు కోసం తోపులాట. రాజగ్రంథాలయం పుస్తకాలను పెట్టెల్లో సర్ది రేవుకి తెచ్చారు గానీ ఎక్కించే తీరిక లేక అక్కడే వానలో వదిలేశారు. చర్చిల నుంచి తెచ్చిన వెండి సామాను బండ్లు కూడా అలాగే ఉండిపోయాయి. ఒడ్డున నిలబడ్డ జనం ఏడుస్తున్నారు, తిడుతున్నారు. ముసలి రాణి బండివాడితో "మరీ అంత తొందరగా తోలకు, పారిపోతున్నామనుకుంటారు" అందని చెప్పుకుంటారు. నవంబర్ 29న గాలి అనుకూలించి ఓడలు కదిలాయి. జూనో 30న లిస్బన్‌లో అడుగు పెట్టాడు. తేడా ఒక్క రోజు. వెళ్లినవాళ్లు పది పదిహేను వేల మంది అని పాత పుస్తకాలు రాస్తాయి, తర్వాతి పరిశోధకులు ఆ అంకెను బాగా తగ్గించారు. ఎంతమంది అయినా, దేశాన్ని నడిపే యంత్రాంగంలో పెద్ద భాగం ఆ ఓడల్లో ఉంది, పక్కన కాపలాగా బ్రిటిష్ యుద్ధనౌకలు ఉన్నాయి.

జోవావ్‌ని పిరికివాడని, తిండిపోతని ఎగతాళి చేసే అలవాటు ఒకటుంది. నాకది నచ్చదు. 1808లో స్పెయిన్ రాజు, అతని కొడుకు ఇద్దరూ నెపోలియన్ పిలిస్తే ఫ్రాన్స్‌లోని బయోన్ వెళ్లి కిరీటం పోగొట్టుకున్నారు. జోవావ్ కిరీటం మాత్రం అతని తల మీదే ఉంది. ఆలోచన కూడా అప్పటికప్పుడు పుట్టింది కాదు. ఆపద వస్తే రాజవంశం బ్రెజిల్‌కి వెళ్లాలన్న మాట పోర్చుగల్ మంత్రుల మధ్య తరాలుగా నలుగుతూనే ఉంది.

ఓడలు 1808 జనవరి 22న బాహియాలోని సాల్వడార్ చేరాయి. ఆరు రోజులకే, జనవరి 28న, బ్రెజిల్ రేవులను మిత్రదేశాల ఓడలన్నిటికీ తెరుస్తూ ఆజ్ఞ వెలువడింది. ఈ తేదీని అండర్‌లైన్ చేసుకోండి. వలస వ్యాపారం అంటే అసలు ఏమిటి? వలసలో పండింది ఏదైనా ముందు యజమాని దేశం రేవుకి రావాలి, వలసకు కావలసింది ఏదైనా ఆ రేవు మీదుగానే పోవాలి. మధ్యలో కమీషన్, పన్ను, లాభం అన్నీ యజమానివి. మూడొందల ఏళ్లుగా లిస్బన్‌లోనూ, పోర్చుగల్‌లోని మరో రేవు పోర్టోలోనూ వర్తకులు బతికింది దాని మీదే. ఆ జనవరి రోజున ఆ కట్టు తెగిపోయింది. లిస్బన్ ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది, రాజుకి సుంకాల ఆదాయం కావాలి, బ్రిటన్‌కి మార్కెట్ కావాలి. తెరవడం తప్ప దారి లేదు. నన్నడిగితే బ్రెజిల్ వలసగా ఉండటం మానేసింది ఆ రోజునే. 1815 చట్టం దాదాపు ఎనిమిదేళ్ల తర్వాత దానికి పేరు పెట్టింది, అంతే.

మార్చి 8న రాజకుటుంబం రియో డి జనీరోలో దిగింది. అరవై వేల జనాభా ఉన్న ఊరు, ఇరుకు వీధులు. వచ్చినవాళ్లకు ఇళ్లెక్కడివి? మంచి ఇల్లు కనిపిస్తే అధికారులు తలుపు మీద "పి.ఆర్." అని రాసేవాళ్లు. యువరాజ పాలకుడి పేరిట స్వాధీనం అని దాని అర్థం. యజమాని ఖాళీ చేయాల్సిందే. రియో జనం ఆ రెండక్షరాలకు తమ భాషలో వేరే అర్థం చెప్పుకున్నారు: "వీధిలోకి నడువు." ఉమ్మడి రాజ్యం పుట్టకముందే ఎవరి ఇల్లు ఎవరిదన్న తగువు మొదలైందని దీన్ని బట్టి తెలుస్తుంది.

కానీ అదే సంవత్సరం రియోకి దక్కినవి చూడండి. అంతకుముందు బ్రెజిల్‌లో అచ్చుయంత్రం పెట్టడానికి అనుమతి లేదు. మే 13న రాజముద్రణాలయం వచ్చింది, సెప్టెంబర్‌లో పత్రిక మొదలైంది. ముతక బట్ట తప్ప మరేదీ నేయకూడదని 1785లో పెట్టిన నిషేధాన్ని ఏప్రిల్ 1న ఎత్తేశారు. జూన్‌లో బొటానికల్ గార్డెన్ మొదలైంది. అక్టోబర్‌లో బ్యాంక్ ఆఫ్ బ్రెజిల్ పెట్టారు. సాల్వడార్‌లో, రియోలో వైద్య శిక్షణ మొదలైంది. బెలెం రేవులో వదిలేసిన పుస్తకాలు కూడా 1810, 1811ల్లో ఓడలెక్కి వచ్చాయి. నేటి బ్రెజిల్ జాతీయ గ్రంథాలయానికి పునాది అవే. ఇవన్నీ ఒక రాజధానికి ఉండవలసినవి. ఒక ఊరికి ఒకసారి హైకోర్టు, సెక్రటేరియట్, బ్యాంకు వచ్చాక మళ్లీ "మీరు జిల్లా కేంద్రమే" అంటే ఎవరు ఒప్పుకుంటారు? రాజధాని గొడవలు చూసిన మనకు దీన్ని వివరించి చెప్పక్కర్లేదు.

బ్రిటన్ తన కూలి తాను తీసుకుంది. 1810 ఒప్పందం ప్రకారం బ్రెజిల్ రేవుల్లో బ్రిటిష్ సరుకు మీద సుంకం 15 శాతం, పోర్చుగల్ సరుకు మీద 16 శాతం, మిగతా దేశాలకు 24 శాతం. సరిగ్గానే చదివారు. పోర్చుగల్ రాజు పాలించే రేవులో పోర్చుగల్ సరుకు మీద బ్రిటిష్ సరుకు కంటే ఎక్కువ పన్ను. ఆ తేడాను తర్వాత సవరించారు గానీ అప్పటికే వ్యాపారం చెయ్యి దాటింది. ఇంగ్లండ్ వర్తకులు ఎంత ఆత్రంగా సరుకు దింపారంటే, మంచు మీద జారడానికి వేసుకునే బూట్లు కూడా రియోకి వచ్చాయని అప్పటివాళ్లు రాశారు. నీళ్లు గడ్డకట్టడం ఎన్నడూ చూడని ఊరికి!

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ముందుకు పోలేను. రియో వైభవం అంటున్నాం కదా, అది ఎవరి వీపు మీద లేచింది? 2019లో రియో వెళ్లినప్పుడు వలోంగో రేవు చూశాను. ఆఫ్రికా నుంచి బానిసల్ని దింపడానికి 1811లో కట్టింది. రోడ్డు మట్టానికి కింద గొయ్యిలా ఉంటుంది. అడుగున ఎగుడు దిగుడు గుండ్రాళ్లు, ఆ రాళ్ల మీదే వాళ్లు ఉత్త కాళ్లతో నడిచారు. వాటి పైన ఇంకో పొర, చెక్కిన నునుపు రాళ్లు. 1843లో ఒక రాజకుమార్తె పెళ్లికూతురిగా దిగుతోందని పాత రేవును కప్పేసి దాని మీద కొత్త రేవు కట్టారు. తర్వాత అదీ పూడిపోయింది. 2011లో రోడ్డు పనుల కోసం తవ్వితే రెండు పొరలూ ఒకదాని మీద ఒకటి బయటపడ్డాయి. ఆ ఒక్క రేవులో దిగినవాళ్లు సుమారు 9 లక్షల మంది అని యునెస్కో అంచనా. నేను అక్కడ చాలాసేపు నిలబడిపోయాను.

జోవావ్ నివసించిన సావ్ క్రిస్టోవావ్ భవనం కూడా అతనికి ఒక బానిస వ్యాపారి కానుకగా ఇచ్చిందే. సాయంత్రాలు అక్కడ జనం బారులు తీరి, ఒక్కొక్కరే వచ్చి మోకరిల్లి, రాజు చేతిని ముద్దు పెట్టుకుని విన్నపాలు చెప్పుకునేవాళ్లు. పేదవాళ్లు, నల్లవాళ్లు కూడా వరుసలో ఉండేవాళ్లట. జోవావ్ ఓపిగ్గా వినేవాడు, అందుకే రియో జనానికి అతనంటే ఇష్టం. అదే భవనం తర్వాత నేషనల్ మ్యూజియం అయి 2018లో తగలబడిపోయింది. నేను వెళ్లేసరికి కంచె బయట నుంచి మొండిగోడలు చూడటమే మిగిలింది.

సరే, 1815కి వద్దాం. నెపోలియన్ కథ ముగిసింది. వియన్నాలో యూరప్ రాజ్యాలు కూర్చుని లెక్కలు సరిచేసుకున్నాయి. పోర్చుగల్ దూతలకు అక్కడ ఒక చిక్కు వచ్చింది. యుద్ధం అయిపోయింది, మరి మీ రాజు ఎక్కడ? వలసలో. రాజు వలసలో ఉంటూ యూరప్ రాజ్యాన్ని ఏలడం ఏ మర్యాదకీ సరిపోదు. ఇంటికి రమ్మని బ్రిటన్ ఒత్తిడి, జోవావ్‌కి కదలాలని లేదు. ఫ్రెంచ్ మంత్రి తాలీరాండ్ పోర్చుగల్ దూతలకు ఉపాయం చెప్పాడంటారు: రాజు వలసలో ఉండకూడదు అనేదే సమస్య అయితే, ఆ చోటునే రాజ్యం చేసేయండి. పైగా చుట్టుపక్కల స్పానిష్ వలసలన్నీ తిరుగుబాట్లతో మండుతున్నాయి. హోదా ఇస్తే బ్రెజిల్ చల్లగా ఉంటుందన్న ఆశ కూడా ఉంది.

అలా డిసెంబర్ 16 చట్టం వచ్చింది. పేరులోని అల్గార్వ్ వేరే ఖండం ఏమీ కాదు, పోర్చుగల్ దక్షిణ తీరం. పదమూడో శతాబ్దంలో ముస్లిం పాలకుల నుంచి గెలుచుకున్న ప్రాంతం. అవతలి ఒడ్డున ఆఫ్రికాలో గెలిచిన ఊళ్లను కూడా కలుపుకుని బహువచనంలో చెప్పుకునే పాత బిరుదు అది. 1816లో కొత్త రాజచిహ్నం కూడా వచ్చింది: బ్రెజిల్ గుర్తుగా ఒక గోళం, దాని మీద పోర్చుగల్ డాలు. అదే ఏడాది మార్చిలో రాణి మరియా రియోలోనే కన్నుమూసింది. 1818 ఫిబ్రవరి 6న జోవావ్‌కి రియోలో పట్టాభిషేక ఉత్సవం జరిగింది. అమెరికా ఖండంలో పట్టం కట్టుకున్న యూరప్ రాజు అతనొక్కడే.

మరి ఈ ఉమ్మడిలో ఉమ్మడిగా ఉన్నది ఏమిటి? నా విద్యార్థులను ఎప్పుడూ అడిగే ప్రశ్న ఇది. 1821 దాకా రెండు చోట్ల నుంచీ సభ్యులు కూర్చునే ఒక సభ ఉందా? లేదు. లిస్బన్ కోర్టులు లిస్బన్‌వి, రియో కోర్టులు రియోవి. వర్తకం చూస్తే ఒకరి లాభం మరొకరి నష్టం. ఉమ్మడిగా ఉన్నది రాజు ఒక్కడే. ఆ ఒక్కడూ ఒకేసారి రెండు చోట్ల ఉండలేడు. అతను ఎక్కడుంటే అది రాజధాని, రెండోది పరగణా. చట్టంలో సమానం అని రాసుకున్నా, మధ్యలో రెండు నెలల సముద్ర ప్రయాణం ఉన్న ఆ రోజుల్లో దాన్ని సరిదిద్దే మార్గం ఎవరూ వెతకలేదు. ఉమ్మడి రాజ్యం నిలవకపోవడానికి అసలు కారణం ఇదేనని నేను నమ్ముతాను. మిగతావన్నీ దీని మీద పడ్డ నిప్పురవ్వలు.

పోర్చుగల్‌లో చూడండి. ఫ్రెంచివాళ్లు మూడుసార్లు దండెత్తారు. పొలాలు తగలబడ్డాయి, ఊళ్లు దోపిడీ అయ్యాయి. యుద్ధం గెలిచాక కూడా సైన్యం పగ్గాలు బెరెస్‌ఫర్డ్ అనే బ్రిటిష్ సేనాని చేతిలోనే ఉన్నాయి. బ్రెజిల్ వ్యాపారం పోయింది, రాజు రావడం లేదు, జీతాలు అందడం లేదు. 1817లో కుట్ర చేశారని గోమెస్ ఫ్రెయిరే అనే పేరున్న సేనానిని, మరికొందరిని చంపేశారు. "ఇప్పుడు మనమే బ్రెజిల్‌కి వలస అయ్యాం" అన్న మాట అక్కడ ఊరికే పుట్టలేదు.

బ్రెజిల్ అంతా సంతోషంగా ఉందనుకుంటే అదీ తప్పే. ఈశాన్యంలో పెర్నాంబుకో ఉంది, చక్కెర, పత్తి పండే సీమ. ధరలు పడిపోయాయి, 1816లో కరువొచ్చింది, పైన రియో దర్బారు ఖర్చుకి పన్నులు. అందులో ఒకటి రియో వీధి దీపాల కోసం. అంటే పెర్నాంబుకో రాజధాని రెసిఫేలో వీధులు చీకటిగా ఉంటే, అక్కడివాళ్ల డబ్బుతో రియోలో దీపాలు వెలిగేవి. 1817 మార్చిలో రెసిఫే తిరగబడి గణతంత్రం ప్రకటించుకుంది. మే నెలలో అణిచేశారు. నాయకులను చంపారు, అలగోవాస్‌ని పెర్నాంబుకో నుంచి విడదీశారు. కాబట్టి "బ్రెజిల్ వర్సెస్ పోర్చుగల్" అని రెండు జట్లుగా చూడకండి. రియో వేరు, ఉత్తరాది వేరు.

1820 ఆగస్టు 24న పోర్టోలో సైన్యం, వర్తకులు, న్యాయవాదులు కలిసి తిరుగుబాటు చేశారు. రాజ్యాంగం కావాలి, రాజు ఇంటికి రావాలి, ఎన్నికైన కోర్టెస్ సమావేశం కావాలి. కోర్టెస్ అంటే వాళ్ల శాసనసభ. డిమాండ్లన్నీ న్యాయంగానే ఉన్నాయి కదా? అందుకే బ్రెజిల్‌లో మొదట పారా, బాహియా వంటి ప్రాంతాలు సంబరంగా లిస్బన్ వైపు నిలిచాయి. రియో పెత్తనం పోతుందని వాళ్ల ఆశ.

జోవావ్ వెళ్లాలా వద్దా అని నెలల తరబడి ఊగిసలాడాడు. 1821 ఏప్రిల్ 21న రియో వర్తక భవనంలో ఎన్నికల ప్రతినిధులు సమావేశమై, రాజ్యాంగం కావాలని, ఖజానాతో ఓడలు వెళ్లిపోకుండా కోటలు అడ్డుకోవాలని పట్టుబట్టారు. ఆ రాత్రి సైన్యం లోపలికి చొరబడి కాల్చింది. మర్నాడు ఆ గోడ మీద ఎవరో "బ్రగాంజాల కసాయి దుకాణం" అని రాశారు. బ్రగాంజా అన్నది రాజవంశం పేరు. ఏప్రిల్ 26న రాజు సుమారు నాలుగు వేల మందితో ఓడెక్కాడు. బ్యాంకులో దాచుకున్న బంగారం, నగలు వాళ్లతోనే వెళ్లాయి. బ్యాంక్ ఆ దెబ్బ నుంచి కోలుకోలేక 1829లో మూతపడింది. పెద్ద కొడుకు పెడ్రోని రియోలో ఉంచాడు. వెళ్లేముందు రాజు, "బ్రెజిల్ ఎటూ విడిపోయేట్టయితే, ఎవరో సాహసగాళ్ల చేతిలో పడేకంటే నీ చేతిలో ఉండటం మేలు" అన్న అర్థం వచ్చేలా చెప్పాడని తర్వాత పెడ్రోయే తండ్రికి ఉత్తరంలో గుర్తు చేశాడు. జోవావ్‌ని తక్కువ అంచనా వేసేవాళ్లు ఈ మాట చదవాలి.

కోర్టెస్ చేసిన తప్పు ఇక్కడ మొదలవుతుంది. అది 1821 జనవరిలో కూర్చుంది. బ్రెజిల్ నుంచి మొదటి సభ్యులు, ఆ పెర్నాంబుకోవాళ్లే, ఆగస్టు 29న గానీ చేరలేదు. సరిగ్గా నెలకు, సెప్టెంబర్ 29న, బ్రెజిల్ తలరాత మార్చే ఆజ్ఞలు వెలువడ్డాయి. చాలామంది బ్రెజిల్ సభ్యులు అప్పటికి ఇంకా రానేలేదు. ఆజ్ఞల సారం: బ్రెజిల్ ప్రాంతాలు ఇక రియోకి కాదు, నేరుగా లిస్బన్‌కి జవాబు చెప్పాలి. సైన్యాధికారులను లిస్బన్ నియమిస్తుంది. పెడ్రో చదువు పూర్తి చేసుకోవడానికి యూరప్ పర్యటనకు రావాలి. అప్పటికి అతనికి దాదాపు 23 ఏళ్లు, పెళ్లయి పిల్లలున్నవాడు. రియోలోని ఉన్నత న్యాయస్థానాలు ఎత్తేసే నిర్ణయం కూడా వెనకే వచ్చింది. తమ దేశంలో స్వేచ్ఛ కోసం పోరాడినవాళ్లే సముద్రం అవతలి సగానికి పాత గొలుసు వేయబోయారు. రెండిటినీ వాళ్లు ఒకే దేశభక్తిగా చూశారు. పోర్టో వర్తకుడికి బ్రెజిల్ మార్కెట్ తిరిగి రావడమే దేశం బాగుపడటం.

ఆజ్ఞలు డిసెంబర్ 9న రియో చేరాయి. నెల తిరగకముందే 8 వేల సంతకాలతో విన్నపం తయారైంది. 1822 జనవరి 9న పెడ్రో "నేను ఉంటున్నాను" అని ప్రకటించాడు. బ్రెజిల్‌వాళ్లు ఈ రోజుని ఇప్పటికీ ఆ మాట పేరుతోనే గుర్తుంచుకుంటారు. సావ్ పావ్లోకి చెందిన జోసే బొనిఫాసియో మంత్రి అయ్యాడు. అతను మొదట్లో విడిపోవాలని కోరలేదు. ఇద్దరూ సమానంగా ఉండే ఉమ్మడినే కోరాడు. ఇది ఎవరూ రాయరు, అందుకే నొక్కి చెబుతున్నాను. అతని తమ్ముడు ఆంటోనియో కార్లోస్ 1817 తిరుగుబాటుకి జైలుకెళ్లి వచ్చినవాడు, ఇప్పుడు లిస్బన్ సభలో సభ్యుడు. అక్కడ బ్రెజిల్ సభ్యులు లేచి మాట్లాడితే గ్యాలరీలోంచి అరుపులు, తిట్లు. చివరికి అతను, మరికొందరు ఓడెక్కి ఇంగ్లండ్‌లోని ఫాల్మత్ రేవుకి పారిపోయారు. ఉమ్మడి సభ అలా ముగిసింది.

సెప్టెంబర్ 7 సంగతి అందరికీ తెలుసు. రియోలో పెడ్రో భార్య లియోపోల్డినా మంత్రిమండలి నడిపి ఉత్తరాలు పంపింది. సావ్ పావ్లో దగ్గర ఇపిరాంగా వాగు ఒడ్డున కబురు అందుకున్న పెడ్రో స్వాతంత్ర్యం ప్రకటించాడు. కడుపు బాగోక, కంచరగాడిద మీద ప్రయాణంలో ఉన్నాడప్పుడు. చిత్రాల్లో కనిపించే జాతిగుర్రాలు చిత్రకారుల ఊహ. ఇక బాహియాలో 1823 జూలై 2 దాకా నిజమైన యుద్ధం జరిగింది. పారా ఆగస్టులో గానీ లొంగలేదు. రక్తం చిందని స్వాతంత్ర్యం అని రాస్తే బాహియావాళ్లకు అన్యాయం చేసినట్టే.

1825 ఆగస్టు 29న బ్రిటిష్ దూత మధ్యవర్తిత్వంతో ఒప్పందం కుదిరింది. బ్రెజిల్ 20 లక్షల పౌండ్లు ఇవ్వాలి: 14 లక్షలు లండన్‌లో పోర్చుగల్ చేసిన అప్పు నెత్తిన వేసుకోవడం, 6 లక్షలు రాజు ఆస్తులకు. ఆ అప్పు ఎందుకు చేశారో తెలుసా? బ్రెజిల్ మీద యుద్ధ ఖర్చులకు కూడా వాడుకుంది పోర్చుగల్. అంటే తనను కొట్టిన కర్రకి తానే ధర కట్టింది బ్రెజిల్. ఇది చదివినప్పుడల్లా నాకు కోపం ఆగదు. జోవావ్‌కి బతికినన్నాళ్లూ బ్రెజిల్ చక్రవర్తి అన్న గౌరవ బిరుదు మిగిలింది. 1826 మార్చి 10న చనిపోయాడు.

అప్పుడు ఒక చిన్న మలుపు. బ్రెజిల్ చక్రవర్తి పెడ్రోయే పోర్చుగల్‌కి కూడా వారసుడు. ఏప్రిల్ చివర్లో రియోకి కబురు అందింది, రెండు కిరీటాలు మళ్లీ ఒకే తల మీదికి వచ్చాయి. పోర్చుగల్‌కి ఒక రాజ్యాంగం రాసిచ్చి, మే 2న ఏడేళ్ల కూతురి పేరిట గద్దె వదులుకున్నాడు. రెండు చోట్లా ఎవరికీ మళ్లీ ఉమ్మడి అక్కర్లేదు.

విక్టోరియాతో పోలిక గురించి. 1876 చట్టంతో ఆమె భారత చక్రవర్తిని అనిపించుకుంది, మరుసటి ఏడు ఢిల్లీలో దర్బారు జరిపారు. అయితే ఆమె ఇక్కడ ఎన్నడూ అడుగు పెట్టలేదు. బిరుదు మారింది, భారత్ హోదా మారలేదు, అధికారం లండన్ నుంచి అంగుళం కదల్లేదు. బ్రెజిల్ విషయంలో అధికారమే కదిలింది. కాబట్టి ఆ పోలిక కుదరదు. మనకు దగ్గరి లంకె కావాలంటే గోవా ఉంది. జోవావ్ బిరుదుల వరుసలో భారతదేశ వాణిజ్య ప్రభువు అన్న మాట కూడా ఉండేది. 1822లో గోవా కూడా లిస్బన్ సభకు ముగ్గుర్ని ఎన్నుకుంది, వాళ్లలో గోవా బిడ్డ బెర్నార్డో పెరెస్ డా సిల్వా ఒకడు. అయితే రాజ్యం పేరులో గోవాకి చోటు దక్కలేదు. మన వంటింట్లో కూడా ఆ దారి గుర్తులున్నాయి. పలాస జీడిపప్పు చెట్టు పోర్చుగీసువాళ్ల వెంట బ్రెజిల్ నుంచి వచ్చిందే. మనం అనాస అంటున్నది బ్రెజిల్ తీరపు టూపి తెగల మాట.

ఇక పరీక్ష. ప్రశ్న "బ్రెజిల్ స్వాతంత్ర్య ప్రకటన" అని ఉంటే 1822 సెప్టెంబర్ 7. "పోర్చుగల్ గుర్తింపు" లేదా "సంయుక్త రాజ్యం చట్టప్రకారం ముగింపు" అని ఉంటే 1825. ఆ ఆగస్టు ఒప్పందాన్ని జోవావ్ నవంబర్ 15న ఆమోదించి, తన బిరుదుల నుంచి సంయుక్త రాజ్యం అన్న మాట తీసేశాడు. మెయిన్స్ జవాబైతే 1808 జనవరి 28తో మొదలుపెట్టండి, "వలస" అన్న మాట వాడే ప్రతిచోటా ఏ సంవత్సరం గురించి రాస్తున్నారో ఒకసారి చూసుకోండి.